నర్సరీ కుంటలో తెడ్డుకాళ్ల పురుగులు: స్పాన్‌ను తినేది ఏది?

సందేహం: 10 గుంటల నర్సరీ కుంటలో వారం కింద 4 లక్షల రవ్వ, బొచ్చె చేపల స్పాన్ (గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లలు) వదిలాను. ఇప్పుడు వల వేస్తే పిల్లలు పెద్దగా పడటం లేదు. ఏదో రోగం తగిలినట్టుంది. తెడ్ల లాంటి కాళ్లతో, వీపు మీద చారలున్న పురుగులు చాలా ఉన్నాయి. మందుల షాపులో సైపర్‌మెత్రిన్ కొట్టమన్నారు. డోసు ఎంత?
– ఒక రైతు, నర్సంపేట

సలహా: చేపల కుంటలో సైపర్‌మెత్రిన్‌కు డోసు అంటూ లేదు. పురుగుతో పాటు మీ చేపపిల్లా చస్తుంది. పత్తికి కొట్టే మందును కుంటకు అంటగట్టే డీలర్ మాట వినకండి.

ఇది రోగంలా లేదు, పురుగుల పనే. అయితే మీరు చెప్పిన చారల పురుగు మీద నాకు అంత అనుమానం లేదు. గాజు గ్లాసులో నీళ్లతో సహా నాలుగు పురుగులు పట్టి చూడండి. వీపు చదునుగా, సన్నటి అడ్డచారలతో ఉండి, బోర్లా ఈదుతూ అడుగుకు పోయేది ఎక్కువగా పాచి, బురదలోని కుళ్లు తిని బతుకుతుంది. వెల్లకిలా ఈదుతూ, తోక కొస నీటిపైకి ఆనించి తలకిందులుగా వేలాడేది అసలు శత్రువు. ముందుకాళ్లతో స్పాన్‌ను ఒడిసిపట్టి, ముక్కు గుచ్చి రసం పీల్చేస్తుంది. చేత్తో పట్టకండి, గట్టిగా కుడుతుంది.

ఈ బ్యాచ్ మీద ఆశ తక్కువే. మిగిలిన పిల్లలను తీసి వేరే కుంటలో వేయండి. మళ్లీ స్పాన్ వదిలే ముందు సన్నకన్ను వల రెండు మూడుసార్లు లాగండి. తర్వాత సబ్బు-నూనె ద్రావణం వాడండి. హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు లెక్కన మీ 10 గుంటలకు సుమారు 5.6 కిలోల చౌక వంటనూనె, 1.8 కిలోల బట్టల సబ్బు. సబ్బును వేడినీళ్లలో కరిగించి, నూనె పోస్తూ పాలలా అయ్యేదాకా చిలికి, కుంటంతా చల్లాలి. ఈ పురుగులు గాలి కోసం పైకి రావాల్సిందే. నూనె పొర వాటికి ఊపిరి ఆడనివ్వదు. గాలి వీచే రోజు చల్లితే పొర ఒక గట్టుకు చేరి నూనె దండగ. ఇదంతా స్పాన్ వదలడానికి 12 నుంచి 24 గంటల ముందే జరగాలి. తూనీగ పిల్లపురుగులు మొప్పలతో శ్వాసిస్తాయి కాబట్టి వాటి మీద నూనె పనిచేయదు, వలతో తీయాల్సిందే.

కుంటకు నీళ్లు పెట్టి వారాల తరబడి ఖాళీగా ఉంచకండి. ఇవి రాత్రిపూట ఎగిరొచ్చి చేరతాయి, తూముకు జాలీ కట్టినంత మాత్రాన ఆగవు. గట్టు మీద బల్బు ఉంటే తీసేయండి.