హానియా లైట్‌హౌస్‌కి రెండు తేదీలు ఎందుకున్నాయంటే

గ్రీసులోని క్రీట్ ద్వీపంలో ఉన్న హానియా రేవు లైట్‌హౌస్ మీద మీరు ప్రాజెక్టు చేస్తూ, దాని ఫొటో పంపి, ఏ తేదీ రాయాలని అడిగారు. ఒకే పునాది మీద వేర్వేరు కాలాల్లో రెండు టవర్లు లేచాయి, అందుకే మీకు ఒకచోట 16వ శతాబ్దం, ఇంకోచోట 1830లు అని కనిపించింది. రెండూ కరెక్టే. ప్రాజెక్టులో ఒకటి కొట్టేయకండి.

1. క్రీట్‌లోని ఈ రేవులో మొదటి దీపస్తంభం కట్టింది వెనిస్ వాళ్లు, 16వ శతాబ్దం చివర్లో. శత్రువులొస్తే దాని అడుగు నుంచి ఎదురుగా ఉన్న ఫిర్కాస్ కోట దాకా గొలుసు కట్టి రేవు మూసేసేవాళ్లు. కింది రాతి పునాది ఇప్పటికీ వాళ్లదే.

2. 1645లో హానియా ఒట్టోమన్ తుర్కుల చేతికి వెళ్లింది. తర్వాత టవర్ పాడుబడింది.

3. చాలామంది వదిలేసేది ఇక్కడే. గ్రీకు తిరుగుబాటును అణచడంలో సాయం చేసినందుకు ఒట్టోమన్ సుల్తాన్ ఈ ద్వీపాన్ని ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీకి అప్పగించాడు, 1830 నుంచి 1840 దాకా పాలన ఈజిప్టు వాళ్లదే, ఆ రోజుల్లోనే టవర్‌ని మినార్ ఆకారంలో మళ్లీ కట్టారు. మీ ఫొటో జూమ్ చేసి చూడండి: కింది భాగం ఎనిమిది పలకలు, మధ్యది పదహారు, పైది గుండ్రం. ఎంత అందమైన పనితనమో!

4. మీ ప్రాజెక్టులో "గ్రీకు ప్రభుత్వం కట్టించింది" అన్న లైను మాత్రం తీసేయండి. క్రీట్ అధికారికంగా గ్రీసులో కలిసిందే 1913లో.

క్యాప్షన్ ఇలా పెట్టండి: "వెనీషియన్ పునాది, 16వ శతాబ్దం చివర, ఈజిప్షియన్ టవర్, 1830ల ప్రాంతం."