మేడే, పాన్ పాన్, సెక్యూరిటే: ఏ పిలుపు ఎప్పుడు?

గుంటూరులో మా పక్కింటి కుర్రాడు ఓడ ఉద్యోగం ఇంటర్వ్యూకు చదువుకుంటూ, ఓడ రేడియోలో ఈ మూడు పిలుపుల్లో ఏది ఎప్పుడు వాడాలని అడిగాడు.

ఓడ మునుగుతోంది, మంటలు రేగాయి, ప్రాణాల మీదికి వచ్చింది: వీహెచ్ఎఫ్ (ఓడల్లో మాట్లాడుకునే రేడియో) 16వ ఛానల్‌లో ‘మేడే’ అని మూడుసార్లు పిలవాలి. వెంటనే ఓడ పేరు, ఉన్న చోటు, ప్రమాదమేమిటి, ఎంతమంది ఉన్నారు చెప్పాలి. ఇది కార్మికుల మేడే కాదు. ‘నాకు సాయం చేయండి’ అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది.

తడబాటంతా ‘పాన్ పాన్’ దగ్గరే. ఇంజన్ ఆగిపోయింది, సాయం కావాలి, కానీ ఇప్పటికిప్పుడు ముప్పు లేదు: అప్పుడు అది, అదీ మూడుసార్లు. అదే ఓడను గాలి రాళ్ల మీదికి నెడుతుంటే మొహమాటం వద్దు, మేడేనే.

దారిలో తేలుతున్న దుంగ, తుపాను కబురు వంటి హెచ్చరికలకు ‘సెక్యూరిటే’.

మన తీరంలో ఫోను అందితే కోస్ట్‌గార్డ్ నంబరు 1554.