కనుమ నాటికి ఒక కథల పుస్తకం

చీరాల,
జనవరి 3

చిన్నితల్లీ,

నిన్న రాత్రి హాస్టల్ ఫోన్లో ఐదు నిమిషాలే మాట్లాడావు. చివర్లో ఒక మాటన్నావు: "పెదనాన్నా, కథల పుస్తకం తెరిస్తే మూడో పేజీకే కళ్లు మూతలు పడుతున్నాయి. నాకు చదవడం పోయిందేమో." ఇంతలో టైమైపోయింది, ఫోన్ పెట్టేశావు. జవాబు చెప్పలేకపోయానని రాత్రంతా మనసులో మెదులుతూనే ఉంది. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

నీకు చదవడం పోలేదమ్మా. జూన్ నుంచి ఐదింటికి లేచి, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లలో కూర్చుంటున్నావు. ఆ చదువులో ప్రతి లైనూ ఒక బిట్టే. ఏది అడుగుతారు, ఏ ఆప్షన్ తప్పు అని వెతుకుతూ చదవడం కళ్లకి అలవాటైపోయింది. కథలో అలా వెతికితే ఏం దొరుకుతుంది? ఏమీ దొరకదు, అందుకే కళ్లు అలిసిపోతాయి. శాఖా గ్రంథాలయంలో ఇరవై ఏడేళ్లు పుస్తకాలిచ్చే బల్ల వెనక కూర్చున్నాను. సెలవులకి ఇంటికొచ్చిన ఇంటర్ పిల్లలు ఇదే బెంగతో వచ్చేవాళ్లు, ఒక్కరు కాదు, ఏటా నలుగురైదుగురు. నాలుగో రోజుకి వాళ్లే రెండో పుస్తకం కోసం వచ్చేవాళ్లు.

అందుకని ఇంటికొచ్చిన మొదటి రెండు రోజులూ పుస్తకం ముట్టుకోకు. కడుపునిండా తిను, కంటినిండా నిద్రపో. అరిసెల పని మొదలయ్యాక మాత్రం వంటింట్లోకి వెళ్లి కూర్చో. పాకం పొయ్యి మీంచి దించాక ఒకరు తడిపిండి పోస్తుంటే ఇంకొకరు ఉండకట్టకుండా కలపాలి. అరిసెని చెక్కల మధ్య పెట్టి నూనె నొక్కే పని నువ్వు తీసుకో. పాకం ముదిరిందా లేదా అని మీ అమ్మా పెద్దమ్మా వాదించుకునేటప్పుడు ఎప్పటెప్పటి పండగలో బయటికొస్తాయి. ఏ యేడు తుపానుకి పిండి ఆరలేదో, ఎవరి పెళ్లికి మణుగు బియ్యం దంపారో, అన్నీ చెబుతారు. చెవొగ్గి విను. కథ వినే చెవి మళ్లీ తెరుచుకుంటే, చదివే కన్ను దానంతటదే తెరుచుకుంటుంది. పుస్తకం పట్టుకుని గదిలో తలుపేసుకోవడానికి కాదు నువ్వు పండక్కి వచ్చేది.

నేను చేసిన ఒక తప్పు నీకు చెప్పాలి. మీ అన్నయ్య ఎనిమిదో తరగతిలో ఉండగా వేసవి సెలవులకి పది పుస్తకాల చిట్టా రాసిచ్చాను. ఒక్కోటి అయిపోగానే ఒక పేజీలో సారాంశం రాయాలన్నాను. అన్నీ మంచి పుస్తకాలే. వాడు నా మాట కాదనలేక పదీ చదివాడు, పదీ రాశాడు. ఆ తర్వాత ఆరేడేళ్లు వాడు కథల పుస్తకం వైపు చూడలేదు. లోకానికంతా పుస్తకాలిచ్చే నేను నా కొడుకు చేతిలో పుస్తకాన్ని హోంవర్క్ చేసిపెట్టాను. ఆ బాధ నాకిప్పటికీ ఉంది. కాబట్టి నీకు చిట్టా ఇవ్వను. ఎన్ని పేజీలు అయ్యాయని అడగను. నువ్వూ లెక్క పెట్టుకోకు.

నచ్చని పుస్తకాన్ని మధ్యలో మూసెయ్యి. మొదలుపెట్టాం కదా అని కష్టపడి చివరిదాకా లాగనక్కర్లేదు. ఒక పదిహేను, ఇరవై పేజీలు చూడు. అందులో మనుషులు మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడి వినాలనిపించకపోతే పక్కన పెట్టు. ఇంకో ఏడాదికి అదే పుస్తకం నీకు బాగా నచ్చవచ్చు కూడా. చివరి పేజీ ముందే చదివినా, మధ్యలో వర్ణనలు వదిలేసినా, చిన్నప్పుడు చదివిందే మళ్లీ చదివినా తప్పేం లేదు. ఇప్పుడు నీకు పెద్ద నవల వద్దు. పది నిమిషాల్లో అయిపోయే కథలున్న సంపుటి ఒకటి చాలు. ఒక కథ పూర్తయితే మనసుకి కాస్త కుదురొస్తుంది, అప్పుడు రెండోదాని మీదికి అదే పోతుంది.

వచ్చేటప్పుడు రైల్లో మొదలుపెట్టు. విజయవాడలో ఎక్కితే చీరాలకి గంటన్నర. తెనాలి దాటేదాకా కిటికీలోంచి చూడు, ఆ తర్వాత ఒక్క కథ చదువు. నువ్వు దాటివచ్చే ఈ డెల్టాలోనే 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవ మీద తిరిగే పడవలో గ్రంథాలయం పెట్టారు. పడవ ప్రయాణం మెల్లగా సాగేది, మనుషులు గంటలకొద్దీ ఊరికే కూర్చునేవాళ్లు. ఆ తీరిక దగ్గరికే పుస్తకాన్ని తీసుకెళ్లాడాయన. గ్రంథాలయ పాఠం చెప్పమంటే నేను ముందు ఆ పడవ సంగతే చెబుతాను. నీకు ఆ పడవ లాంటిది రైలు పెట్టె.

పుస్తకం ఎక్కడిది అంటావేమో. ఏటా జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది. ఔటింగ్ ఇస్తే ఒక పూట వెళ్లు. వంద రూపాయల్లో నీకు నచ్చింది ఒకటి నువ్వే కొనుక్కో, ఎవరినీ అడగకుండా. పంపకపోతే దిగులు పడకు. మన గ్రంథాలయానికి శుక్రవారం సెలవు, పండగ రోజుల్లోనూ తెరవరు. అందుకే భోగికి ముందే నా కార్డు మీద నాలుగు తెచ్చి ఉంచుతాను. నీకు నచ్చింది తీసుకో, మిగతావి నేను చదువుకుంటాను.

ఇక కనుమ సంగతి. భోగి నాడు మంటలు, చిన్నపిల్లలకి భోగిపళ్లు. సంక్రాంతి నాడు చుట్టాలు, హరిదాసు, ముగ్గులు. ఆ రెండు రోజులూ చదవడానికి వీలుండదు, చదవకూడదు కూడా. కానీ కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ఆ రోజు ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. మధ్యాహ్నం మినప గారెలు తిని ఇల్లంతా నడుం వాలుస్తుంది. వీధిలో సైకిల్ బెల్లు కూడా వినపడదు. ఏడాదిలో ఇంత చదువుకోదగ్గ మధ్యాహ్నం ఇంకోటి లేదు తల్లీ. డాబా మీద వేపచెట్టు నీడ పడే మూల నవారు మంచం వేయించి ఉంచుతాను. ఫోను కింద వంటింటి గూట్లో పెట్టి ఎక్కు. చదువుతూ నిద్రపోతే పుస్తకం గుండెల మీద అలాగే ఉంచుకుని నిద్రపో.

సాయంత్రాలు నాయనమ్మ దగ్గర కూర్చుని పైకి చదువు. కంటి ఆపరేషన్ తర్వాత ఆవిడకి చిన్న అక్షరాలు ఆనడం లేదు. అటక మీద చందమామల బైండ్లు ఉన్నాయి. 1947 జూలైలో ఆ పిల్లల పత్రిక మొదలైనప్పటివి కావు, ఆ తర్వాతి ఏళ్లవి, మీ తాతయ్య ఎర్ర కాలికో గుడ్డతో కుట్టించినవి. రెండు పేజీలు చదివేసరికి ఆవిడ నిన్ను ఆపి, "ఉండవే, మా ఊళ్లో ఇలాంటిదే జరిగింది" అంటుంది. అప్పుడు పుస్తకం మూసెయ్.

కాలేజీ వాళ్లు అసైన్‌మెంట్లు కట్టగట్టి ఇస్తారని తెలుసు. పొద్దున పూట రెండు గంటలు వాటికిచ్చి ముగించు. అవి మిగిలిపోతే కథ చదువుతున్నంతసేపూ వెనకనుంచి పిలుస్తూనే ఉంటాయి. మీ నాన్నతో నేను మాట్లాడాను, మిగతా పూటల్లో "చదువుకోవా" అని ఎవరూ అనరు.

ముక్కనుమ దాటాక వీలైతే స్కూటర్ మీద వేటపాలెం వెళదాం. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం మన పక్కనే ఉన్నా నువ్వింకా చూడలేదు. గాంధీజీ చేతికర్ర అక్కడ భద్రంగా ఉంది. పాత పత్రికల బీరువాల మధ్య నిలబడితే వచ్చే వాసన నేను చెప్పలేను, నువ్వే పీల్చుకోవాలి.

తిరిగి వెళ్లేరోజుకి పుస్తకం సగంలో ఉంటే కంగారుగా పూర్తిచెయ్యకు. హాస్టల్లోకి కథల పుస్తకాలు రానివ్వరన్నావు కదా. పేజీలో నీ జడ రిబ్బను పెట్టి నా బల్ల మీద వదిలెయ్. గడువు నేను పెంచుకుంటూ ఉంటాను. వేసవికి వచ్చాక అక్కణ్ణుంచే చదువుకో.

ఏ రైలో, ఏ పెట్టో ముందుగా చెప్పు. తేగలు తంపట వేయించి స్టేషనుకి తెస్తాను.

నీ పెదనాన్న