పిడికెడు బియ్యం సరే, కూరలోకో?

ప్రశ్న: మా వీధి రామమందిరం భజన సమాజం తరఫున ఇంటింటా పిడికెడు బియ్యం పోగుచేసి, భర్త పోయిన లేదా భర్త వదిలేసిన స్త్రీలు నడిపే పన్నెండు కుటుంబాలకు నెలకు పది కిలోల చొప్పున ఇస్తున్నాము. మొదట్లో అందరూ వచ్చేవారు, ఇప్పుడు ఐదారుగురికి మించి రావడం లేదు. వారి అవసరం తీరినట్టేనా? శనివారం భజనకు వచ్చినవారికే ఇవ్వాలని కొందరు సభ్యులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: అవసరం తీరలేదండీ, మీరిచ్చేదానికీ వారికి కావలసినదానికీ పొంతన తప్పింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోలు, నిరుపేదలైన అంత్యోదయ కుటుంబానికి 35 కిలోల తిండిగింజలు వస్తాయి, 2023 జనవరి నుంచి అవి ఉచితం కూడా. కనుక రేషన్ కార్డున్న ఇంట్లో కరువు బియ్యానికి కాదు, పప్పుకూ నూనెకూ. మన వైపే ఒక ఇంట్లో డబ్బా నిండా కంట్రోలు బియ్యం ఉండగా, నూనె సీసా మూతకు మేకుతో సన్నటి చిల్లు పొడిచి ఉండడం చూశాను. తాను పనికి వెళ్ళినప్పుడు పెద్దపిల్ల కూర వండుతూ ఎక్కువ ఒంపేయకుండా అలా చేశానని ఆ తల్లి నవ్వుతూ చెప్పింది.

గడపగడపకూ వెళ్ళే అలవాటు మీకు ఎలాగూ ఉంది కాబట్టి ఇకపై గరిటెడు కందిపప్పు, గిన్నెడు నూనె అడగండి, వచ్చిన బియ్యాన్ని కార్డు లేనివారికి ఉంచండి. ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు బడిలో దొరికే మధ్యాహ్న భోజనం వేసవి సెలవుల్లో ఆగిపోతుంది. మీ సంచి బరువెక్కవలసింది అప్పుడే.

కార్డు లేనివారు ఎవరని వెతికితే సరిహద్దు కథ బయటపడుతుంది. పుట్టిల్లు బరంపురం, అత్తిల్లు సరిహద్దు అవతల ఆంధ్రలోని ఇచ్ఛాపురం అయిన ఆడపిల్లలు మనలో ఎందరో. కాపురం చెడి తిరిగి వచ్చినా పేరు మాత్రం అత్తవారి కార్డులోనే ఉండిపోతుంది. ఒకే దేశం–ఒకే రేషన్ కార్డు ఏర్పాటు కింద, ఆధార్ జతపడి ఉంటే, ఆమె తన వంతును ఇక్కడి డీలరు దగ్గరే వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. అయితే అత్తవారు నెల మొదట్లోనే మొత్తం ఎత్తుకుంటే ఆమెకు మిగిలేది శూన్యం కాబట్టి, అక్కడ పేరు తీయించి ఇక్కడ చేర్పించుకోవడమే గట్టి దారి. ఇక పింఛను. చిన్న వయసులో భర్తను పోగొట్టుకున్నవారు అడిగితే నలభై నిండలేదని తిప్పి పంపుతుంటారు. ఆ నియమం కేంద్ర వితంతు పింఛనుకే గాని, ఒడిశా ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన మధుబాబు పింఛను పథకంలో వితంతువులకు వయసుతో పని లేదు, ఆదాయం చూస్తారు. భర్త పోయిన, విడాకులు పొందిన, వదిలివేయబడిన తల్లుల పిల్లలకు కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం కూడా ఉంది. ఆదాయ పరిమితి ఉంటుంది, అడిగిన ప్రతివారికీ రాదు, కానీ జిల్లా బాలల సంరక్షణ కార్యాలయంలో దరఖాస్తు ఇస్తేనే గదా వరుసలో ఉండేది. ఒడియా చదవడం వచ్చిన మీ సభ్యులొకరు ఒక పూట అలాంటి తల్లి వెంట వెళ్ళి ఆ కాగితం నింపిపెడితే, అది మీ పది కిలోలకన్నా బరువైన దానం.

ఇక భజన షరతు. సాయంత్రం నాలుగిళ్ళలో అంట్లు తోముకునే మనిషిని ఆ వేళకే మందిరంలో కూర్చోమంటే ఒక ఇంటి జీతం పోగొట్టినట్టే. బ్యానరు ముందు నిలబెట్టి ఫొటోలు తీసే అలవాటు మీకు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, రాకపోవడానికి సగం కారణం అదే అయి ఉంటుంది. తైత్తిరీయోపనిషత్తు ‘హ్రియా దేయమ్’ అంది. అంటే సిగ్గుతో ఇవ్వాలని. సిగ్గు ఇచ్చేవాడికి ఉండాలన్నారు గాని పుచ్చుకునేవాడికి కాదు. సంచిని ఇంటికే పంపండి, వీలైతే చీకటి పడ్డాక.

ప్రశ్న: మా ఊరి చర్చివారు ఒంటరి తల్లులకు సరుకులిస్తున్నారు. నా భార్య పోయి ఎనిమిది నెలలైంది, ఇద్దరు ఆడపిల్లలు. మగవాణ్ణి, పైగా హిందువును, అడగవచ్చునా? కార్డు ఇంకా ఆమె పేరనే ఉంది.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: నిస్సంకోచంగా అడగండి. ఇలాంటి జాబితాలు రాసేవారికి తండ్రులు గుర్తుకు రారు, అది కాదనడం కాదు. కార్డు సంగతి మాత్రం ఆలస్యం చేయకండి. ఆమె పేరిట వచ్చే 5 కిలోలు ఎందుకు వదులుకోవాలని అనిపించవచ్చు, కానీ విచారణలో బయటపడితే చిక్కు మీకే. మరణ ధ్రువపత్రం ఇచ్చి పేరు తీయించండి. చట్టం పద్దెనిమిదేళ్ళు నిండిన పెద్ద స్త్రీనే కార్డులో ఇంటి పెద్దగా చూస్తుంది; అటువంటివారు లేరు కాబట్టి ప్రస్తుతం మీరే పెద్ద. మీ పెద్దమ్మాయికి పద్దెనిమిది నిండిన రోజున ఆ స్థానం ఆమెది.