సర్కారు సైటులో అప్రెంటిస్: శిక్షణ ఒప్పందం లేకుంటే ఆ పేరు చెల్లదు

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో మేసన్ ట్రేడు పూర్తిచేసి, గుంటూరు శివారులో కడుతున్న ఒక ప్రభుత్వ భవనం పనిలో కాంట్రాక్టరు దగ్గర చేరాడు. ప్లాస్టరింగుకు చదరపు అడుగు లెక్కన డబ్బులిస్తున్నారు. కనీస వేతనం అడిగితే ‘నువ్వు అప్రెంటిస్‌వి, కార్మిక చట్టాలు నీకు వర్తించవు’ అంటున్నారు. చేరిన రోజు మేస్త్రీ ఒక తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు తప్ప మా చేతికి ఏ పత్రమూ రాలేదు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కాంట్రాక్టరు చెప్పిన మాటలో సగమే నిజం. 1961 నాటి అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థే గాని కార్మికుడు కాడు. అయితే ఆ సెక్షన్ వర్తించాలంటే అభ్యర్థికీ యజమానికీ మధ్య శిక్షణ ఒప్పందం కుదరాలి; దాన్ని కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయించాలి కూడా. తెల్ల కాగితం మీది సంతకం ఒప్పందం కాదు. ఒప్పందమే లేనప్పుడు మీ అబ్బాయి మామూలు కార్మికుడే కనుక, చేస్తున్న పని నైపుణ్యాన్ని బట్టి కనీస వేతనం అడిగే హక్కు అతనికి పూర్తిగా ఉంది.

ఒకవేళ మీకు తెలియకుండా ఒప్పందం నమోదై ఉందనుకున్నా కాంట్రాక్టరు తప్పించుకోలేడు. అప్రెంటిస్‌కు ముక్కపని లెక్కన చెల్లించడం, శిక్షణతో సంబంధం లేని పని చేయించడం 30వ సెక్షన్ కింద జరిమానా పడే నేరాలు. చదరపు అడుగు లెక్క ముక్కపని లెక్క కాక మరేమిటి? నిజమైన అప్రెంటిస్‌కు ఇవ్వవలసింది నెలవారీ స్టైపెండు; అది తరువాతి నెల 10వ తేదీలోపు అందాలి. 2019 సవరణ నిబంధనల ప్రకారం ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారికి నెలకు కనీసం 7,000 రూపాయలు, డిప్లొమా వారికి 8,000, డిగ్రీ వారికి 9,000 ఇవ్వాలి. ఈ మొత్తాలను 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫార్సు చేసింది కాబట్టి, ప్రస్తుతం అమల్లో ఉన్న రేటును ఐటీఐలోని ప్లేస్‌మెంట్ అధికారిని అడిగి రూఢి చేసుకోండి.

పని ప్రభుత్వానిది కావడం మీకు కలిసివచ్చే సంగతి. 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ, కాంట్రాక్టు సిబ్బందిని కూడా లెక్కలోకి తీసుకుని, మొత్తం బలంలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. కేంద్ర ప్రజాపనుల శాఖ కాంట్రాక్టు షరతుల్లోనైతే, అప్రెంటిస్ చట్టాన్ని పాటించకపోవడం ఒప్పంద ఉల్లంఘన అవుతుందనీ, ఇంజినీరు కాంట్రాక్టును రద్దు చేయవచ్చుననీ స్పష్టంగా రాసి ఉంది. మీ భవనం ఏ శాఖదో తెలుసుకుని, ఆ శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు ఫిర్యాదు రాసి, దాని ప్రతిని కార్మిక శాఖకు పంపండి. కాంట్రాక్టరు వేతనం ఎగ్గొడితే చెల్లించే బాధ్యత ప్రధాన యజమాని మీద, అంటే ఆ పని అప్పగించిన శాఖ మీద పడుతుంది. సైటులో మస్టరు రాస్తున్న పుస్తకంలో మీ అబ్బాయి పేరున్న పేజీని, చదరపు అడుగుల లెక్క రాసిచ్చిన చీటీలను ఇప్పుడే ఫొటో తీసి ఉంచుకోండి. ఫిర్యాదు అందిన మర్నాడు ఆ పుస్తకం మారిపోవడం అంత అరుదేమీ కాదు.

ప్రశ్న: మా తమ్ముడు ఒప్పందం ఉన్న ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్. స్లాబు వేసే రోజుల్లో అర్ధరాత్రి దాకా ఉంచేస్తున్నారు. దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు అప్రెంటిస్‌కు పని చెప్పాలంటే అప్రెంటిస్‌షిప్ సలహాదారు (అప్రెంటిస్ చట్టం అమలును చూసే ప్రభుత్వ అధికారి) ముందస్తు అనుమతి ఉండాలి, ఓవర్‌టైముకూ అంతే. స్లాబు మధ్యలో ఆపడం కుదరదన్నది కాంట్రాక్టరు ఇబ్బందే గాని మీ తమ్ముడిది కాదు. శిక్షణ సందర్భంగా గాయపడితే 16వ సెక్షన్ ప్రకారం నష్టపరిహారం ఇవ్వవలసింది యజమానే. చాలామంది పీఎఫ్, ఈఎస్ఐ చీటీల కోసం వెతుకుతూ కూర్చుంటారు గాని, చట్టబద్ధ అప్రెంటిస్‌కు ఆ రెండూ వర్తించవు. కాబట్టి యజమాని మీది ఈ బాధ్యతే అతనికి దిక్కు, దాన్ని వదులుకోకండి. ఫిర్యాదు సలహాదారుకే చేయాలి. ఆ సంస్థ నాలుగు లేదా అంతకు మించిన రాష్ట్రాల్లో పనులు చేస్తుంటే కేంద్ర సలహాదారు పరిధిలోకి, లేకుంటే రాష్ట్ర సలహాదారు పరిధిలోకి వస్తుంది. పెద్ద నిర్మాణ సంస్థలు చాలావరకు మొదటి కోవలోనివే గనుక, దరఖాస్తు రాసే ముందు ఈ సంగతి తేల్చుకోకపోతే కాగితం రెండు కార్యాలయాల మధ్య తిరుగుతుంది. సలహాదారు నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

ప్రశ్న: శిక్షణ పూర్తయ్యాక అదే సంస్థ ఉద్యోగం ఇచ్చి తీరాలా?
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: అక్కర్లేదు. 22వ సెక్షన్ ప్రకారం శిక్షణ పొందినవారిని తీసుకునే విషయంలో ప్రతి సంస్థ తన విధానాన్ని తానే రూపొందించుకోవాలి. ఒప్పందంలోనే ఉద్యోగం ఇస్తామన్న షరతు ఉంటే మాత్రం సంస్థ దానికి కట్టుబడవలసిందే. సంతకానికి ముందు ఆ భాగం చదివి, ఒక ప్రతి అడిగి తీసుకోండి.