మాటలు నువ్వు ఏరకు, పాచికని ఏరనివ్వు

అమ్మడూ,

పెదనాన్న ఆశీస్సులు. మామూలు మాటలు నాలుగు కలిపితే పాస్‌వర్డ్ గట్టిగా ఉంటుందా అని అడిగావు. ఉంటుంది. కాకపోతే ఆ మాటలు నువ్వు ఏరుకోకూడదు.

ఆఫీసులో నా పాస్‌వర్డ్ చాలాకాలం 'అడగందే అమ్మైనా పెట్టదు'. ఇంగ్లిష్ అక్షరాల్లో 22 వచ్చేవి, ఇంకెవడు పట్టుకుంటాడులే అని ధీమా. పక్క సీటాయన రెండోసారికే కొట్టేశాడు. పొద్దస్తమానం నా నోట వినే సామెతే కదా! దొంగల దగ్గరా సామెతలూ పాటల పల్లవులూ జాబితాలుగా ఉంటాయి. 'అమ్మ ఇల్లు దేవుడు బంగారం' అని నువ్వు పెట్టినా అంతే, మనసుకి ముందు తట్టేవి అందరికీ అవే.

1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన డైస్‌వేర్ అని ఒక పద్ధతి పెట్టాడు. జాబితాలో 7776 మాటలుంటాయి. పాచిక ఐదుసార్లు వెయ్యి. 4, 1, 6, 2, 3 పడ్డాయనుకో, 41623 ఎదురుగా ఉన్న మాట నీది. ఎక్కువగా చిన్నచిన్న ఇంగ్లిష్ మాటలే. జాబితా దొంగ చేతిలో ఉన్నా పర్లేదు, నీ పాచిక ఎలా పడిందో వాడికి తెలియదుగా. మాట బాగాలేదని మళ్లీ వేశావో, ఏరుకోవడం మళ్లీ మొదలైనట్టే.

నాలుగు చాలా? లెక్క కట్టి చూశాను. నాలుగు మాటలకి దాదాపు 36 కోట్ల కోట్ల కలయికలు. చాలా అనిపిస్తుంది. కానీ ఏదో సైటు నుంచి పాస్‌వర్డ్‌ల ఫైలు దొంగిలించి, సెకనుకి లక్ష కోట్ల చొప్పున ప్రయత్నించే వాడికి అది గంట పని. ఆరు మాటలైతే అదే వేగంతో అన్నీ అయ్యేసరికి 7 వేల ఏళ్లు. అందుకని ఆరు వేసుకో.

అన్ని సైట్లకీ ఇలా పెట్టుకుంటే పిచ్చెక్కుతుంది. లాప్‌టాప్‌కి ఒకటి, మెయిల్‌కి ఒకటి, పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టే యాప్ ఉంటుందే, ఆ పాస్‌వర్డ్ మేనేజర్‌కి ఒకటి, దేనిది దానికే. మిగతావి ఆ మేనేజరే చూసుకుంటుంది. నోటికి వచ్చేదాకా కాగితం మీద రాసి బీరువాలో నగల పక్కన పెట్టుకో. మీ పెద్దమ్మ ఒప్పుకోదుగానీ, అందులో తప్పేం లేదు. ఫోన్‌లో ఫోటో మాత్రం తియ్యకు.

పాచిక కొనకు. అటక మీద వైకుంఠపాళి డబ్బాలో రెండున్నాయి, పండక్కి వచ్చినప్పుడు ఒకటి పట్టుకెళ్లు.

పెదనాన్న