రిజిస్ట్రీ ఎడిటర్‌లో వెతకడం గురించి ఒక ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

బాబూ, ఆఫీసులోని కంప్యూటర్లన్నీ చూసుకునే బాధ్యత నీ మీద పడినప్పటి నుంచి, విండోస్, అందులోని ప్రోగ్రాములు తమ అమరికలను దాచుకునే రిజిస్ట్రీని చూపే రిజిస్ట్రీ ఎడిటర్ తెరవక తప్పడం లేదనీ, ఒక మాట కోసం వెతికితే ఎంతసేపటికీ పని తెమలడం లేదనీ, తీరా ఏదైనా దొరికితే అది నీకు కావలసినదో కాదో అర్థం కావడం లేదనీ రాశావు. ఈ ఇబ్బందిలో ఎడిటర్ లోపం కొంత ఉన్నమాట నిజమే. కానీ ఎక్కువ భాగం మనం వెతుకులాట మొదలుపెట్టే చోటులో ఉంది. ఎక్కడ వెతకనక్కర లేదో ముందుగా తేల్చుకున్నవాడికి ఆ ఎడిటర్ ఇప్పుడున్న రూపంలోనే చాలావరకు పనికొస్తుంది. అందువల్ల ముందు కొమ్మలు కొమ్మలుగా ఉండే ఆ రిజిస్ట్రీ చెట్టు ఎలా అమరి ఉందో చెప్పి, మీటల సంగతి తరువాత రాస్తాను.

ఎడమవైపు పలకలో 5 మూల కీలు కనిపిస్తాయి. కీ అంటే ఫోల్డరు వంటి కొమ్మ; దానిలో ఉండే ఒక్కొక్క అమరిక వాల్యూ, ఆ వాల్యూలో రాసి ఉన్నది డేటా. అవి ఐదు వేర్వేరు గోదాములని అనుకోవద్దు. అసలు సరుకు దాదాపు అంతా లోకల్ మెషీన్, యూజర్స్ అనే రెండింటిలోనే ఉంటుంది. కరెంట్ యూజర్ అనేది యూజర్స్ కింద ఉన్న ఒక కొమ్మకు, అంటే ఇప్పుడు లాగిన్ అయి ఉన్న వ్యక్తి కొమ్మకు, పెట్టిన మరో పేరు. క్లాసెస్ రూట్ అనేది లోకల్ మెషీన్‌లోని సాఫ్ట్‌వేర్ కింద ఉన్న క్లాసెస్‌నూ, వినియోగదారుని కొమ్మలో ఉన్న క్లాసెస్‌నూ కలిపి చూపే దృశ్యం మాత్రమే. కరెంట్ కాన్ఫిగ్ కూడా లోకల్ మెషీన్‌లోని సిస్టమ్ కిందికే దారి తీస్తుంది. ఇంతేకాక సిస్టమ్ కింద కనిపించే కరెంట్ కంట్రోల్ సెట్ కూడా, అంకెలతో ఉన్న కంట్రోల్ సెట్‌లలో ఒకదానికి వేసిన లంకె. కాబట్టి అన్నిటికీ పైన ఉన్న కంప్యూటర్ అనే మాటను ఎంచుకుని వెతికితే, ఒకే వాల్యూ రెండు మూడు దారుల్లో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. అవి వేర్వేరు ఫలితాలని భ్రమపడి ఒక్కొక్కటీ సరిచేయబోతే సమయం వృథా అవుతుంది. నీ మాటల్లో నాకు కనిపించిన తికమక చాలావరకు ఇదే.

వెతకడానికి ముందు నీకు నువ్వు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ అమరిక ఒక మనిషికి చెందినదా, యంత్రం మొత్తానికి చెందినదా? ఒకరు లాగిన్ అయినప్పుడు మాత్రమే కనిపించే తేడా అయితే కరెంట్ యూజర్‌లోనూ, ఎవరు లాగిన్ అయినా కనిపించేదైతే లోకల్ మెషీన్‌లోనూ మొదలుపెట్టు. సర్వీసులు, డ్రైవర్ల సంగతులు సిస్టమ్ కింద ఉంటాయి. ప్రోగ్రాముల సంగతులు సాఫ్ట్‌వేర్ కింద ఉంటాయి. 64-బిట్ విండోస్ మీద నడిచే 32-బిట్ ప్రోగ్రాముల అమరికలు సాఫ్ట్‌వేర్ కిందనే వావ్ 6432 నోడ్ అనే విడి కొమ్మలో చేరతాయి. పాత ప్రోగ్రాము జాడ దొరకడం లేదని అనుకున్న ప్రతిసారీ ఆ కొమ్మను కూడా చూడాలి. సంస్థ విధించిన నియంత్రణ అని అనుమానం ఉంటే, రెండు మూల కీలలోనూ సాఫ్ట్‌వేర్ కింద ఉండే పాలసీస్‌ను ముందుగా చూడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మామూలు ఖాతాతో పనిచేసే ఉద్యోగి కంప్యూటరు ముందు కూర్చుని, వేరే అడ్మినిస్ట్రేటర్ ఖాతా పాస్‌వర్డుతో ఎడిటర్ తెరిచావనుకో. అప్పుడు కరెంట్ యూజర్ కింద కనిపించేవి ఆ ఉద్యోగి అమరికలు కావు, ఆ అడ్మినిస్ట్రేటర్ ఖాతావి. అది గమనించకపోతే ఎంత వెతికినా దొరకదు, మార్చినా ఫలితం కనిపించదు. ఆ సందర్భంలో యూజర్స్ తెరిచి, ఆ ఉద్యోగి గుర్తింపు సంఖ్య పేరుతో ఉన్న కొమ్మలోకి వెళ్లి చూడాలి.

ఇక ఫైండ్ సంగతి. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వచ్చే పెట్టె, ఎఫ్ 3 నొక్కితే తరువాతి ఫలితం అన్నది నీకు తెలిసినదే. తెలియవలసినది అది నడిచే తీరు. నువ్వు ఎంచుకున్న కీ దగ్గర మొదలుపెట్టి కిందికి మాత్రమే పోతుంది, వెనక్కి తిరిగి రాదు. ఎంచుకున్న కొమ్మ అయిపోగానే ఆగదు. రిజిస్ట్రీ చివరి వరకూ పోతూనే ఉంటుంది. అంటే కొమ్మను ఎంచుకోవడం వల్ల మొదలు ఎక్కడో నిర్ణయమవుతుంది గాని, హద్దు ఏర్పడదు. ఫలితం వచ్చిన ప్రతిసారీ పైన అడ్రస్ బార్‌లో దారిని చదువు. నీ కొమ్మ దాటిపోయిందని కనిపించగానే వెతుకులాట ఆపేయి. ఆ పైన వచ్చేది నీ పనికి సంబంధించినది కాదు. మరొక సంగతి ఏమిటంటే, ఎడిటర్ మూసి మళ్లీ తెరిచినప్పుడు అది కిందటిసారి వదిలిన కీ దగ్గరే తెరుచుకుంటుంది. ఆ సంగతి మరిచి నేరుగా వెతికితే, దానికి పైన ఉన్న భాగమంతా అసలు వెతకనే వెతకదు. లేదని తేలింది కదా అని నువ్వు ఊరుకుంటావు, అది మాత్రం పైన భద్రంగానే ఉంటుంది.

పెట్టెలో కీలు, వాల్యూలు, డేటా అని మూడు గడులున్నాయి. మూడింటికీ టిక్కులు ఉంచి వెతకడమే అందరికీ అలవాటు. ఒక ఉదాహరణ చెబుతాను. తొలగించిన ప్రోగ్రాము పేరు కంట్రోల్ ప్యానెల్ జాబితాలో ఇంకా కనిపిస్తోందని అనుకుందాం. ఆ జాబితా సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, అన్‌ఇన్‌స్టాల్ అనే వరుసలో ఉన్న కీ నుంచి వస్తుంది. దాని కింద ఉన్న కీలలో చాలావాటి పేర్లు మీసాల బ్రాకెట్ల మధ్య అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి గుర్తులు. ప్రోగ్రాము పేరు అక్కడ ఉండదు. కుడివైపు డిస్‌ప్లే నేమ్ అనే వాల్యూ ఉంటుంది, ప్రోగ్రాము పేరు దాని డేటాలో ఉంటుంది. కాబట్టి అన్‌ఇన్‌స్టాల్ కీని ఎంచుకుని, కీలు, వాల్యూలు అనే రెండు టిక్కులూ తీసేసి, డేటాను మాత్రమే ఉంచి వెతికితే అనవసరపు ఫలితాలు చాలా తగ్గిపోతాయి. లోకల్ మెషీన్‌లో అక్కడ దొరకకపోతే వావ్ 6432 నోడ్ కింద అదే వరుసలో, ఆ తరువాత కరెంట్ యూజర్‌లో అదే వరుసలో చూడాలి. ఈ మూడు చోట్లు చూస్తే చాలు, రిజిస్ట్రీ మొత్తం గాలించే అవసరం రాదు. రాసి ఉన్నదంతా కచ్చితంగా సరిపోవాలనే టిక్కును మాత్రం పూర్తి పేరు అక్షరం పొల్లుపోకుండా తెలిసినప్పుడే పెట్టు.

ఈ ఫైండ్ చేయలేనివి కూడా నువ్వు తెలుసుకోవాలి. అది అక్షరాల డేటాను వెతుకుతుంది గాని, డీవర్డ్ వంటి సంఖ్యలనూ, బైనరీ డేటానూ వెతకదు. ఫలితాలన్నీ ఒకచోట జాబితాగా చూపదు. నీకు చదివే అనుమతి లేని కీలను నిశ్శబ్దంగా దాటిపోతుంది. లోకల్ మెషీన్ కింద ఉన్న శామ్, సెక్యూరిటీ కీల లోపలి భాగం అడ్మినిస్ట్రేటర్‌కు కూడా మామూలుగా కనిపించదు. అందుచేత వెతకడం ముగిసిందన్న సందేశం వచ్చినంత మాత్రాన, ఆ మాట రిజిస్ట్రీలో లేదని ఎవరికీ రాతపూర్వకంగా చెప్పవద్దు.

జాబితా కావలసినప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో రెగ్ క్వెరీ అనే ఆదేశం వాడు. నా దృష్టిలో ఎడిటర్ ఫైండ్ కన్నా ఇదే మెరుగైన సాధనం. నువ్వు ఇచ్చిన కొమ్మకే కట్టుబడి ఉండటం దీని పెద్ద గుణం. కీ దారి రాసి, స్లాష్ ఎస్ పెడితే ఆ కొమ్మ కింద ఉన్నవన్నీ చూస్తుంది. స్లాష్ ఎఫ్ తరువాత వెతకవలసిన మాట రాయాలి. స్లాష్ కె అంటే కీల పేర్లలో మాత్రమే, స్లాష్ డి అంటే డేటాలో మాత్రమే. స్లాష్ ఇ పెడితే కచ్చితంగా సరిపోయినవి మాత్రమే వస్తాయి. స్లాష్ టి తరువాత రకం పేరు ఇస్తే బైనరీ డేటాలో కూడా వెతుకుతుంది. ఫైండ్ వదిలేసిన లోటు అక్కడ తీరుతుంది. ఫలితాన్ని ఫైలులోకి మళ్లిస్తే దాచుకోవచ్చు, రెండు కంప్యూటర్ల ఫలితాలను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. ఒక కంప్యూటరులో పనిచేసి మరొకదానిలో పనిచేయని సమస్యలకు ఇంతకన్నా దగ్గరి దారి నాకు కనిపించలేదు.

కొంతమంది కొమ్మను ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి వెతుకుతారు. పద్ధతి మంచిదే గాని అందులో ఒక మెలిక ఉంది. మామూలు రిజిస్ట్రేషన్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే, ఎక్స్‌పాండ్ స్ట్రింగ్, మల్టీ స్ట్రింగ్ రకాల వాల్యూలు అక్షరాలుగా కాక హెక్సాడెసిమల్ అంకెలుగా రాయబడతాయి. నువ్వు వెతికే మాట అందులో ఉన్నా నోట్‌ప్యాడ్ కంటికి ఆనదు. ఎక్స్‌పోర్ట్ పెట్టెలో ఫైలు రకాన్ని టెక్స్ట్‌గా మార్చితే ఆ వాల్యూలు చదవదగిన అక్షరాలుగా వస్తాయి, పైగా ప్రతి కీ చివరిసారి ఎప్పుడు మారిందో ఆ సమయం కూడా వస్తుంది. ఎడిటర్ తెరమీద ఎక్కడా చూపని సమాచారం అది. నిన్న సాయంత్రం వరకూ బాగున్న అమరిక ఈ ఉదయం చెడిందంటే, ఆ సమయాలు చూస్తూ పోతేనే సగం పని అవుతుంది. అయితే టెక్స్ట్ ఫైలును తిరిగి రిజిస్ట్రీలోకి ఎక్కించలేవు, అది చదువుకోవడానికే.

ఒక చోటి నుంచి మరొక చోటికి వెళ్లడం గురించి తక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అది సులువైంది. విండోస్ 2000 కాలంలో రెండు ఎడిటర్లు ఉండేవి. బాగా వెతకగలిగిన దానికి అనుమతులు మార్చడం రాదు, అనుమతులు మార్చగలిగిన దానికి సరిగా వెతకడం రాదు. విండోస్ ఎక్స్‌పీతో 2001లో అవి ఒకటయ్యాయి. దారిని నేరుగా రాసే అడ్రస్ బార్ కోసం మాత్రం 2017లో విండోస్ 10కు వచ్చిన క్రియేటర్స్ అప్‌డేట్ దాకా ఆగవలసి వచ్చింది. అన్నేళ్లూ కొమ్మ తరువాత కొమ్మ మౌసుతో విప్పుకుంటూ పోయినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది. కంట్రోల్, ఎల్ నొక్కితే కర్సర్ అక్కడికి వెళుతుంది. మూల కీ పేరు పూర్తిగా రాయనక్కర లేదు. లోకల్ మెషీన్‌కు హెచ్‌కేఎల్‌ఎం, కరెంట్ యూజర్‌కు హెచ్‌కేసీయూ వంటి పొట్టి పేర్లను అది అర్థం చేసుకుంటుంది. తరచుగా వెళ్లే కీలను ఫేవరెట్స్‌లో చేర్చుకుని, నీకు తెలిసే పేరు పెట్టుకో. రెండు చోట్లు ఒకేసారి చూడవలసి వస్తే, ఈ ఎడిటర్ ప్రోగ్రాము పేరైన రెగ్‌ఎడిట్ తరువాత హైఫన్ ఎం రాసి నడిపితే రెండో కిటికీ తెరుచుకుంటుంది. అంకెల మీటల వైపు ఉన్న నక్షత్రం గుర్తు మీట, ఎంచుకున్న కొమ్మ మొత్తాన్ని ఒక్కసారిగా విప్పుతుంది. చిన్న కొమ్మ మీద బాగుంటుంది గాని, సాఫ్ట్‌వేర్ వంటి పెద్ద కొమ్మ మీద నొక్కితే ఎడిటర్ చాలాసేపు కదలదు.

ఇంతవరకు చెప్పినదంతా వెతకవలసిన మాట తెలిసినప్పటి సంగతి. ఆ మాటే తెలియనప్పుడు, ఊహించిన పేర్లతో వెతకడం మానుకో. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సిస్‌ఇంటర్నల్స్ సాధనాలలో ప్రాసెస్ మానిటర్ అనేది ఉంది. దాన్ని తెరిచి, ఆ ప్రోగ్రాము పేరునూ, రెగ్ సెట్ వాల్యూ అనే పనినీ, అంటే వాల్యూ రాయడాన్నీ, ఫిల్టరుగా పెట్టి, ప్రోగ్రాము అమరికల కిటికీలో నీకు కావలసిన టిక్కును ఒకసారి మార్చి భద్రపరచు. ఆ క్షణంలో ఏ వాల్యూ రాయబడిందో పూర్తి దారితో సహా కనిపిస్తుంది. ఆ వరుస మీద కుడి బటన్ నొక్కి జంప్ టు అంటే, రిజిస్ట్రీ ఎడిటర్ సరిగ్గా అక్కడికే తెరుచుకుంటుంది. ఏమీ కనిపించకపోతే ఆ ప్రోగ్రాము తన అమరికలను రిజిస్ట్రీలో కాక ఏదైనా ఫైలులో దాస్తోందేమో చూడాలి. ఫైలు రాతలను కూడా అదే సాధనం చూపిస్తుంది. ఈ పద్ధతి మొదట కొంచెం పెద్ద పనిలా కనిపించినా, ఇది చేతికి అలవాటైనవాడు ఫైండ్ పెట్టెను ఎప్పుడో గాని తెరవడు.

కావలసిన చోటు దొరికిన తరువాత ఒక్క నిమిషం ఆగు. ఈ ఎడిటర్‌లో చేసిన మార్పు వెంటనే అమలవుతుంది. భద్రపరచు అనే మీట లేదు, చేసినదాన్ని రద్దుచేసే మీటా లేదు. మార్చబోయే కీని ముందు రిజిస్ట్రేషన్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ కంప్యూటరు పేరూ తేదీ ఫైలు పేరులోనే ఉండేలా దాచు. పొరపాటు జరిగితే ఆ ఫైలును తిరిగి ఎక్కించవచ్చు; అయితే అలా ఎక్కించడం వల్ల ఫైలులో ఉన్నవి పాత స్థితికి వస్తాయే గాని, నువ్వు కొత్తగా చేర్చిన వాల్యూలు తొలగిపోవు. వాటిని చేత్తో తీసివేయాలి కాబట్టి, కొత్తగా ఏదైనా చేర్చినప్పుడు దాని దారినీ పేరునూ వెంటనే రాసిపెట్టుకో.

ఇట్లు,
నీ బాబాయి